దోసెడు తవుడు

ఆ గదిని అందరూ వెచ్చగది అనేవారు. డాక్టరమ్మ సరోజినీదేవి గుమ్మం పైన ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరు రాయించింది గాని, తలెత్తి చదివినవాళ్ళు తక్కువ. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే గది కాబట్టి వెచ్చగది. తిరువూరులో, గంపలగూడెం వెళ్ళే రోడ్డు పక్కన ఉన్న ఆ చిన్న ఆసుపత్రిలో అన్నిటికంటే చిన్న గది అదే.

హన్నమ్మ అక్కడ ఆయా. మార్గశిర మాసపు మంచులో నడుచుకుంటూ వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, నీలంచు తెల్లచీర కొంగు బొడ్లో దోపి తలుపు తోసేసరికి, లోపలి వెచ్చదనం ఎవరో చెంపలు నిమిరినట్టు తగిలేది. గోడవారగా నాలుగు చెక్కపెట్టెలు. ఒక్కోదాని అడుగున ఒక బల్బు. పెట్టెలో పాత పంచె గుడ్డలు మెత్తగా పరిచి, వేడినీళ్ళు నింపిన సెలైన్ సీసాలు గుడ్డల్లో చుట్టి అటూ ఇటూ పెట్టి, మధ్యలో పిల్లని పడుకోబెడతారు. సీసా చల్లారితే తీసి, వేడిది పెట్టాలి. పక్క మార్చాలి. ఇంకు ఫిల్లరుతో చుక్క చుక్కగా పాలు పట్టాలి. పొత్తిగుడ్డలు ఉతికి, ఎండలో ఆరేసి, పొయ్యి దగ్గర మళ్ళీ ఒకసారి వేడిచూపి తేవాలి. హన్నమ్మకి అక్కడ గడియారం అక్కర్లేకపోయింది. సీసాలు చల్లారడాన్ని బట్టే ఆమెకి పొద్దు తెలిసేది.

కిటికీలకి పసుపుపచ్చ గుడ్డలు కట్టడం వల్ల గదిలో వెలుగు తేనెలా ఉండేది. మూల కిరసనాయిలు స్టవ్ మీద నీళ్ళు సన్నగా సణిగేవి. ఆ సణుగుడు కింద పిల్లల ఊపిరి వినపడీ వినపడనట్టుండేది. ఒక్కో పొద్దున హన్నమ్మకి ఆ గది ఆసుపత్రి నుంచి తాడు విప్పుకుని మంచు మీద తేలుతూ పోతున్నట్టనిపించేది. నెమలి ఊరికి వెళ్ళే బస్సు హారన్ ఎక్కడో అవతలి ఒడ్డున మోగినట్టుండేది. పిల్లల్లో ఎవరో నిద్రలో నవ్వేవారు. దేవుడు పువ్వు చూపిస్తే అలా నవ్వుతారంటారు. ఆ పువ్వు ఏ రంగుదో అని హన్నమ్మ కాసేపు ఆలోచించి, సీసా గుర్తొచ్చి లేచేది.

అలాంటి పొద్దుల్లోనే రైసుమిల్లు కనకమ్మగారి కోడలు మహాలక్ష్మికి ఏడో నెలలో ఆడపిల్ల పుట్టింది. రెండు అరచేతుల్లో పట్టేంత పిల్ల. మందార రేకులాంటి ఒళ్ళు. గొంతు కూడా పెద్దగా లేదు. ఏడిస్తే పిల్లిపిల్ల మూలిగినట్టుండేది.

అంతకుముందు మహాలక్ష్మికి ఇద్దరు పుట్టి పోయారు. ఇద్దరూ ఇలాగే తొందరపడి వచ్చినవాళ్ళు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు గాని, కనకమ్మగారి ఎదుట ఎవరూ అనేవారు కాదు. ఆవిడ పుట్టిల్లు పార్వతీపురం. పెళ్ళై ఇక్కడికి వచ్చి నలభై ఏళ్ళు దాటినా, కష్టం వచ్చినప్పుడు మాత్రం పుట్టింటి పద్ధతులే గుర్తొచ్చేవి.

పిల్ల పుట్టిన మర్నాడు కనకమ్మ ఒక ఖాళీ చేట పట్టుకుని వెచ్చగది గుమ్మంలో నిలబడింది. మొహం పక్కకి తిప్పుకుని ఉంది.

"హన్నమ్మా, నీకు పిల్లలెంతమంది?"

"ఇద్దరు మగపిల్లలండి అమ్మగారూ. పెద్దాడు లారీ మీద పోతన్నాడు. చిన్నాడు వాళ్ళ నాన్నతో రెడ్డిగూడెం మామిడితోటలో కాపలా."

"ఇద్దరూ బాగానే ఉన్నారా?"

"రాయిలా ఉన్నారండి. తిండికే చాలట్లేదు."

"ఆడపిల్ల లేదుగా?"

"లేదండి."

"అయితే ఈ పిల్లని నువ్వు తీసుకో," అంది కనకమ్మ.

హన్నమ్మ చేతిలో సీసా చేతిలోనే ఉండిపోయింది. కనకమ్మ చేట ముందుకి చాపి నెమ్మదిగా చెప్పింది. తమ వైపు, పిల్లలు నిలవని ఇంట్లో పుట్టిన బిడ్డని చేటలో వేసి పారేసినట్టు చేస్తారు. పిల్లలు నిలిచిన తల్లి ఎవరైనా వచ్చి, దొరికిందని ఎత్తుకుంటుంది. గండం గడిచాక కన్నవాళ్ళు వచ్చి, దోసెడు తవుడిచ్చి ఆ బిడ్డని కొనుక్కుంటారు. అప్పుడది ఆ ఇంట్లో పుట్టిన బిడ్డ కాదు, తవుడుకి కొనుక్కున్న బిడ్డ. వెతుక్కుంటూ వచ్చే చావుకి ఆనవాలు దొరకదు.

డాక్టరమ్మ రౌండుకి వచ్చి ఆ మాటలు విన్నది. "చలి తగలకుండా మీరేం చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. తొందరగా కానివ్వండి," అని పక్క పెట్టె దగ్గరికి వెళ్ళిపోయింది.

హన్నమ్మ చేటలో వేడి గుడ్డ పరిచి, పిల్లని అందులో ఒక్క ఊపిరి సేపు ఉంచి, మళ్ళీ ఎత్తుకుంది. "నాకు పిల్ల దొరికిందోచ్," అని నవ్వింది. చిన్నప్పుడు చింతగింజలతో ఆడుకున్నంత తేలిగ్గా అనేసింది ఆ మాట.

కనకమ్మ నవ్వలేదు.

"ఈ అమావాస్యా, పై అమావాస్యా దాటాక వచ్చి కొనుక్కుంటాం. అందాకా ఆ పిల్లకీ మాకూ సంబంధం లేదు. పేరు పెట్టం. చూడం. మా కోడలు కూడా చూడదు."

"మరి పాలో అమ్మగారూ?"

"పిండి పంపిస్తుంది. ఇరుగింటికి పంపమా, అలాగే."

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం పెడుతూ హన్నమ్మ ఈ సంగతి చెబితే, తోటనుంచి వచ్చిన మొగుడు రాయప్ప ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"ఆడపిల్ల లేదు, ఆడపిల్ల లేదని ఇరవయ్యేళ్ళు నన్ను సాధించావు. చివరికి నాతో మాటైనా చెప్పకుండా కనేశావన్నమాట."

"మెల్లిగా అనవయ్యా, పక్కింటోళ్ళు వింటారు."

"విననీ. రైసుమిల్లోళ్ళ పిల్ల నా కూతురు. రేపటినుంచి బీడీ మానేసి చుట్ట కాలుస్తా."

హన్నమ్మ నవ్వింది గాని, పడుకున్నాక మాత్రం అరచేతుల్లో ఆ బరువు అలాగే ఉన్నట్టనిపించింది.

*

మహాలక్ష్మికి వరండా చివర గది ఇచ్చారు. ఆమెకి ఇరవై ఏళ్ళుంటాయేమో. మాట తక్కువ. పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం వెండి ఉగ్గుగిన్నెలోకి పాలు పిండి, పైన శుభ్రమైన గుడ్డ కప్పి హన్నమ్మకి అందించేది. అత్తగారు అక్కడే ఉండేది కాబట్టి ఏమీ అడిగేది కాదు. గిన్నె మాత్రం రెండు చేతులతో పట్టుకుని, హన్నమ్మ లాగితే గాని వదిలేది కాదు.

కనకమ్మ పగలంతా వరండాలో పీట వేసుకుని, వెచ్చగది తలుపుకి వీపు పెట్టి కూర్చునేది. అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ, హన్నమ్మ నీళ్ళ బిందెతో అటువైపు రాగానే, తల తిప్పకుండా అడిగేది.

"ఏమ్మా, మీ పిల్ల ఎలా ఉంది?"

"పొద్దున రెండు చుక్కలు ఎక్కువే తాగిందండి."

"మంచిది. ఎవరి పిల్లైతేనేం." ఇంకో వక్క కత్తిరించేది. కాసేపయ్యాక, "కాళ్ళు చల్లగా ఉంటున్నాయా?" అనేది.

"లేదండి, వెచ్చగానే ఉన్నాయి."

"ఊరికే అడిగాలే."

ఒకరోజు మహాలక్ష్మి గిన్నె అందిస్తుంటే పాలు తగ్గినట్టు కనిపించాయి. మధ్యాహ్నం కనకమ్మ భోజనానికి ఇంటికి వెళ్ళినప్పుడు, పిల్ల ఒంటిమీంచి అప్పుడే తీసిన పొత్తిగుడ్డ ఒకటి పట్టుకుని హన్నమ్మ మహాలక్ష్మి గదికి వెళ్ళింది.

"నా చేతులు తడిగా ఉన్నాయమ్మా. ఈ గుడ్డ కాస్త మడిచిపెడతావా?"

మహాలక్ష్మి గుడ్డ అందుకుంది. ఇంకా గోరువెచ్చగా ఉంది. పులిసిన పాల వాసన, నూనె వాసన, ఇంకేదో, ఏ పేరూ లేని కొత్త వాసన. మడవడం మర్చిపోయి రెండు చేతులతో మొహానికి ఆనించుకుంది. హన్నమ్మ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడింది. ఆ గుడ్డ మడవడానికి చాలాసేపు పట్టింది. ఆ సాయంత్రం ఉగ్గుగిన్నె అంచు దాకా నిండింది.

ఆ తరువాత రోజూ ఒక గుడ్డ మడవాల్సి వచ్చేది. పిల్ల కాస్త తేరుకుంది. ఫిల్లరు చివర పెదాలతో పట్టుకుని చప్పరించడం నేర్చింది.

కానీ ఒకరోజు కనకమ్మ మజ్జిగ కేనుతో తొందరగా తిరిగివచ్చి చూసేసింది. కేకలు వెయ్యలేదు. కోడలి చేతిలోంచి గుడ్డ తీసి, రెండు వేళ్ళతో పట్టుకుని హన్నమ్మకిచ్చింది.

"పరాయి పిల్ల గుడ్డలు మా కోడలు మడవడమేంటి? నీ పిల్లవి నువ్వే మడుచుకో."

హన్నమ్మ గుడ్డ పట్టుకుని వెచ్చగదిలోకి వెళ్ళిపోయింది.

ఆ నాటి నుంచి పాలు తగ్గిపోయాయి. గిన్నెలో సగమే వచ్చేవి. తరువాత అడుగు తడిసేంతే. డాక్టరమ్మ డబ్బాపాలు కలిపి పట్టమంది. పిల్ల రెండు పూటలూ కక్కేసింది. పొట్ట బిగుసుకుంది. హన్నమ్మ చేతి వెనకవైపుతో అరికాళ్ళు ముట్టుకుంటే, పక్కనే వేడి సీసా ఉన్నా సరే, చల్లగా తగిలాయి.

డాక్టరమ్మ వరండాలోకి వచ్చి కనకమ్మ పక్కన కుర్చీ వేసుకుంది.

"కనకమ్మగారూ, బిడ్డని ఒళ్ళో వేసుకుంటే గాని మీ కోడలికి పాలు పడవు. ఆ పాలు లేకపోతే నేనేమీ చెయ్యలేను. చూడనివ్వండి."

"ముందు ఇద్దర్నీ చూసుకున్నాం డాక్టరుగారూ," అంది కనకమ్మ. "కళ్ళారా చూసుకున్నాం. పేర్లు పెట్టుకున్నాం. దాని పేరు పెట్టి నేను పిలుస్తుంటేనే పెద్దది పోయింది. ఈసారి చూడం. చూస్తే మా పిల్లైపోతుంది. మా పిల్లలు ఉండరు."

డాక్టరమ్మ ఆవిడ చేతిమీద చెయ్యి వేసి, లేచి వెళ్ళిపోయింది.

*

మధ్యాహ్నం కరెంటు పోయింది. బల్బులు ఆరిపోయాయి. హన్నమ్మ సీసాలన్నీ మిగతా ముగ్గురికీ సర్ది, నాలుగోదైన ఈ పిల్లని రొమ్ముకి ఆనించుకుని కొంగు చుట్టుకుని స్టవ్ పక్కన గోడకి జారబడి కూర్చుంది. పసుపు వెలుగు నీళ్ళ ఆవిరిలో కదులుతోంది. ఆమె కళ్ళు మూతలు పడ్డాయి.

నిద్ర కాదు, మెలకువా కాదు. గది మళ్ళీ తాడు విప్పుకుంది. చిన్న కొడుకు పుట్టినప్పటి రోజులు తేలి వచ్చాయి. చలిజ్వరం. పాలు లేవు. తాటాకు పాకలో బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాడు. అప్పుడు తనేం చేసింది? జ్వరంతోనే లేచి, పక్క పాకలో జోజమ్మ గుమ్మం ముందు కూలబడింది. జోజమ్మ అప్పుడే తన బిడ్డకి పాలిచ్చి పడుకోబెట్టింది. 'వదినా, నా బిడ్డకి కాస్త పాలియ్యవా' అని తను అడిగింది. జోజమ్మ చేతులు చాపింది. అంతే. తల్లి దగ్గర పాలు లేకపోతే తల్లి వెళ్ళి అడుగుతుంది. పాలున్న మనిషి ఇస్తుంది.

కొంగులో పిల్ల కదిలింది. నోరు తెరిచి, హన్నమ్మ జాకెట్టు గుడ్డని చప్పరించబోయింది.

హన్నమ్మ కళ్ళు తెరిచింది. ఈ పిల్ల ఎవరిది? తనదే. కనకమ్మగారే ఇచ్చారు. ఇన్నాళ్ళూ తనే దాన్ని ఆట అనుకుంది. ఆవిడ ఒక్కరోజు కూడా అలా అనుకోలేదు.

కరెంటు రాగానే పిల్లని పెట్టెలో సర్ది, కాసేపు చూడమని నర్సు రిబ్కాకి చెప్పి, హన్నమ్మ వరండాలోకి వెళ్ళింది. రోజూ చేతులు కట్టుకుని నిలబడే మనిషి, ఆవేళ కనకమ్మ పీట పక్కన మెట్టు మీద, నూతి దగ్గర ఇరుగమ్మలు కూర్చున్నట్టు కూర్చుంది.

"అమ్మగారూ, మీతో ఒక పని పడింది."

"ఏంటి?"

"నా పిల్లకి పాలు చాలట్లేదండి."

అడకత్తెర ఆగింది. "నీ పిల్లకా?"

"నా పిల్లకేనండి. ఈ వయసులో నాకు పాలెక్కణ్ణించి వస్తాయి చెప్పండి. పాలున్న మనిషి కోసం చూస్తన్నాను. మీ కోడలుగారు ఖాళీగానే ఉన్నారు. పుణ్యముంటుంది, ఒకసారి పంపించండి."

కనకమ్మ మొదటిసారి తల తిప్పి ఆమె మొహంలోకి చూసింది. రోడ్డు మీద బస్సొకటి ఆగి, మనుషుల్ని దింపి, కదిలిపోయింది. అంతసేపూ చూస్తూనే ఉంది.

"బాగా తెలివి మీరావే."

"తెలివేం లేదండి. దానికి ఆకలిగా ఉంది."

"మా కోడలు మీ పిల్లకి పాలిస్తే, మాకేంటి?"

ఆ మాటలో మిల్లు గుమ్మం దగ్గర బేరం చేసే పాత కనకమ్మ వినపడి, హన్నమ్మ ప్రాణం కుదుటపడింది.

"ఏమివ్వగలనండి నేను. ఎప్పుడైనా మీ ఇంట్లో పిల్లలుంటే, వచ్చి పొత్తిగుడ్డలు ఉతికిపెడతాను."

కనకమ్మ వక్కపలుకు ఒకటి తీసి నోట్లో వేసుకోబోయి, మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేసింది. కోడలి గదివైపు తిరిగింది.

"మహాలక్ష్మీ. హన్నమ్మ పిల్లకి పాలు కావాలట. పాపం, ఆవిడకి లేవు. వెళ్ళి ఇచ్చి రా. పరాయి పిల్ల, ఎక్కువసేపు ముద్దుచెయ్యకు."

చెప్పి, మళ్ళీ వెచ్చగది తలుపుకి వీపు పెట్టుకుంది.

మహాలక్ష్మి వచ్చేటప్పుడు గోడ పట్టుకుని నడిచింది. హన్నమ్మ ఆమె చేతులు వేడినీళ్ళతో కడిగించి, స్టవ్ దగ్గర కూర్చోబెట్టి, పిల్లని ఒళ్ళో పెట్టింది. మహాలక్ష్మి ఆ చిన్న మొహాన్ని చూసింది. కళ్ళలోంచి నీళ్ళు పొత్తిగుడ్డ మీద పడుతున్నాయి. కానీ నియమం తప్పలేదు. అత్తగారికి వినపడేలాగే, పేరంటానికి వచ్చిన మనిషిలా అంది.

"మీ అమ్మాయి బాగుందండి."

"ఏదో, మీ దయ."

"పేరేం పెట్టారండి?"

"ఇంకా పెట్టలేదమ్మా. తొందరేముంది."

"ముద్దుగా ఉంది. అచ్చు మీ పోలికే."

హన్నమ్మ తన నల్లటి ముంజేతినీ, పిల్ల తెల్లటి నుదుటినీ చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "అందరూ అలాగే అంటారమ్మా."

ఇద్దరూ శబ్దం రాకుండా నవ్వారు. ఆ నవ్వులోనే పిల్లకి రొమ్ము అందింది. మొదట జారింది. మళ్ళీ వెతుక్కుంది. తరువాత చిన్న గుటక ఒకటి వినపడింది. దాని వెనక ఇంకొకటి. స్టవ్ మీద నీళ్ళు ఇగిరిపోతున్నా హన్నమ్మ లేవలేదు. గది ఏ ఒడ్డునుంచీ కదలకుండా నిలిచినట్టూ, గోడల అవతల తిరువూరే మెల్లగా తేలుతూ పోతున్నట్టూ అనిపించింది.

బయట అడకత్తెర చప్పుడు చాలాసేపు వినపడలేదు.

*

రోజుకి ఎన్నిసార్లు పరాయి పిల్లకి పాలిచ్చిందో మహాలక్ష్మి. కనకమ్మ ఒక్కసారీ వద్దనలేదు. పైగా, "ఏమ్మా, వాళ్ళ పిల్ల ఆకలితో ఉంటుందేమో, ఇంకా కూర్చున్నావేం," అని తనే తరిమేది. మొదటి అమావాస్య దాటింది. పిల్ల అరికాళ్ళు వెచ్చబడ్డాయి, బుగ్గల్లో గుంటలు పూడాయి, ఏడుపుకి గొంతు వచ్చింది. రెండో అమావాస్య దాటేనాటికి రాయప్ప బట్టల్లో మామిడిపూత వాసన మొదలైంది.

ఆ మర్నాడు పొద్దున్నే కనకమ్మ చేట పట్టుకుని వచ్చింది. ఈసారి చేటలో గుడ్డ కప్పి ఉంది. మహాలక్ష్మి వెనక నిలబడింది. రిబ్కా, డాక్టరమ్మ, ఇంకో ఇద్దరు బాలింతలు వరండాలోకి వచ్చారు. హన్నమ్మ పిల్లని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏమ్మా, ఈ పిల్లని అమ్ముతావా?" అంది కనకమ్మ.

హన్నమ్మ చెప్పాల్సిన మాట చిన్నది. నిన్నటినుంచి నోట్లో నానబెట్టుకుంటూనే ఉంది. తీరా ఇప్పుడు పిల్ల తలమీది గుడ్డ సర్దుతూ ఉండిపోయింది. కొంగులో పిల్ల ఆవలించి, వేలు ఒకటి ఆమె జాకెట్టు గుండీకి తగిలించుకుంది.

"అడుగుతుంటే పలకవేం? అమ్ముతావా?"

"అమ్ముతానండి," అంది చివరికి. "మూడు దోసిళ్ళవుతుంది."

బాలింతలు కిసుక్కుమన్నారు. కనకమ్మ కళ్ళు పెద్దవి చేసింది.

"మూడా! ఇంత పిల్లకా? ఒక దోసెడు."

"ఇంత పిల్ల కాదండి ఇప్పుడు. ఎత్తి చూడండి. మీ మిల్లులో తవుడుకి కొదవేముంది, గుట్టలు పోసి ఉంటుంది."

"మిల్లు తవుడు పనికిరాదే, పిచ్చిదానా. రోకలితో దంచిన తవుడు కావాలి దీనికి. మా ఇంట్లో రోకలి పట్టుకున్నవాళ్ళెవరిప్పుడు? ఒక దోసెడే ఉంది. పట్టు."

గుడ్డ తీసి దోసిట్లోకి తవుడు తీసుకుంది. హన్నమ్మ ఒక చేత్తో పిల్లని అదుముకుని, ఇంకో చేత్తో కొంగు పట్టింది. తవుడు కొంగులోకి జారాక కనకమ్మ అరచేతులు బయటపడ్డాయి. వేళ్ళ మొదళ్ళలో బొబ్బలు చిట్లి ఉన్నాయి. వాటి మీద పసుపు అద్ది ఉంది.

కనకమ్మ చప్పున చేతులు కొంగులో దాచుకుంది. హన్నమ్మ ఏమీ చూడనట్టే నిలబడింది.

"దోసెడు చాలండి," అంది. "మీ పిల్లని మీరు తీసుకోండి."

జాకెట్టు గుండీ దగ్గర చిక్కుకున్న వేలిని మెల్లిగా విడిపించి, పిల్లని మహాలక్ష్మి చేతుల్లో పెట్టింది. మహాలక్ష్మి మెడ వంచి, పిల్ల నుదుటి మీద పెదాలు ఆనించి, అలాగే ఉండిపోయింది.

కనకమ్మ అడుగు ముందుకి వేసింది. పుట్టిన దగ్గర్నుంచి చూడని పిల్లని వంగి చూసింది. కళ్ళు, చెవులు, చేతివేళ్ళు, ఒక్కొక్కటే, సంచిలోంచి గింజలు తీసి చూసినట్టు చూసింది.

"ముక్కు మా ఇంటిదే," అంది.

"మొన్నటిదాకా అచ్చు నా పోలికన్నారండి," అంది హన్నమ్మ.

"అప్పుడు నీ పిల్ల. ఇప్పుడు మాది. తవిటమ్మ దీని పేరు." కనకమ్మ నవ్వబోయింది గాని అది నవ్వులా రాలేదు. పసుపంటిన చెయ్యి బయటికి తీసి, పిల్లని కాదు, హన్నమ్మ భుజాన్ని పట్టుకుంది. "పొత్తిగుడ్డలు ఉతుకుతానన్నావు. మాట తప్పితే ఊరుకోను. శుక్రవారం రా. భోజనం అక్కడే."

"వస్తానండి."

అందరూ మహాలక్ష్మి గదివైపు వెళ్ళిపోయారు. వరండా ఖాళీ అయింది. హన్నమ్మ చేతులు రెండూ ఒక్కసారిగా తేలికైపోయాయి. వాటినేం చెయ్యాలో తెలియక, కొంగులో తవుడు మూట కట్టబోయి ఆగింది. లేత గోధుమరంగులో, మెత్తగా ఉంది. బియ్యపు తీపి వాసన వేస్తోంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ రోకలి పోటు ఆపి, చెమట తుడుచుకుంటూ ఇలాంటి తవుడే బెల్లంతో కలిపి పిల్లలకి పెట్టేది.

చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. బెల్లం లేకపోయినా తియ్యగానే ఉంది.

మిగిలింది సాయంత్రం రాయప్పకి బెల్లంతో కలిపి పెట్టాలనుకుంది. కూతుర్ని అమ్మిన సొమ్ము అని అతనేదో ఒకటి అనకమానడు. మూట ముడి వేసి నడుముకి దోపి, నూతి దగ్గర చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. నాలుగో పెట్టెలో తెల్లవారుజామున తెచ్చిన కొత్త పిల్లవాడున్నాడు. వాడి సీసాలు ఈపాటికి చల్లారి ఉంటాయి. హన్నమ్మ తలుపు తోసి లోపలికి వెళ్ళింది.